జాతర జనం వేరు, అంగడి జనం వేరు

మేడారం జాతర వచ్చిందంటే మన ఫోన్లు నిండిపోతయి. చిలకలగుట్ట మీద నుంచి సమ్మక్క దిగివచ్చే గడియ, జంపన్న వాగులో తానాలు, ఎత్తు బెల్లం, ఎదురుకోళ్లు. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా నాలుగు రోజులు ఏ ఫోన్ తెరిచినా అదే. హైదరాబాద్ యూట్యూబర్లు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసే పిల్లలు, అమెరికాలో ఉన్నోళ్లు, ఎన్నడూ అడవి తొక్కనోళ్లు కూడా రీలు పెట్టిన్రు. మనమూ పెట్టినం. సంతోషమే. మన తల్లులు, మన పండుగ.

అదే వారంలో మనలో ఒకరు "పోడు దరఖాస్తు రిజెక్ట్ అయితే అప్పీలు ఎట్ల చేసుకోవాలె" అని రాసి, కింద లింకు పెట్టి చూడున్రి. నాలుగు లైకులు వస్తయి. అందులో రెండు మన అడ్మిన్లవే ఉంటయి. ఇంకొకరు చదవకుండానే "జై ఆదివాసీ అన్నా" అని కామెంట్ పెట్టి పోతరు. లింకు నొక్కి లోపలికి పోయి ఫారం చూసినోళ్లు ఎందరు? ఆ లెక్క మనం చూడనే చూడం, చూస్తే సిగ్గైతది.

ఈ రెండు పోస్టుల మధ్య ఉన్న దూరం గురించే ఈ రాత. ఎవరినీ తిట్టనీకి కాదు. మన పేజీలకు వచ్చే జనం ఎట్ల నడుచుకుంటరు, ఎందుకట్ల నడుచుకుంటరు, వాళ్లను చూసి మనం ఎట్ల మారిపోతున్నం అన్నది ఒకసారి కూసొని మాట్లాడుకోవాలె.

మన దిక్కు ఊర్లల్ల జనం రెండు తీర్ల జమ అయితరు. ఒకటి జాతర. లక్షల మంది వస్తరు, మొక్కు తీర్చుకుంటరు, పోతరు. వాళ్లు పోయినాక మైదానంలో మిగిలేది ప్లాస్టిక్ కవర్లు, కోడి ఈకలు. తాడ్వాయి మండలంలో ఎవరి పట్టా ఆగిందో వాళ్లకు తెల్వదు, తెలుసుకునే పనీ లేదు. రెండోది వారం వారం జరిగే అంగడి. వందల మందే వస్తరు, కానీ ప్రతి వారం వాళ్లే వస్తరు. ఉప్పు కొంటరు, ఇప్పపువ్వో తేనెనో అమ్ముతరు, పక్క గూడెం సంగతి కనుక్కుంటరు, పెండ్లి మాట కలుపుతరు, కొట్లాటుంటే పంచాది చేసుకుంటరు. పని ఉండి వస్తరు, పని చేసుకొని పోతరు.

సోషల్ మీడియాలో మనం కూడబెడుతున్నది జాతర జనాన్ని. ఉద్యమానికి కావాల్సింది అంగడి జనం.

ఉత్త పోలిక చెప్పి వదిలిపెట్టను. 2023 జులై నెల గుర్తు తెచ్చుకోండి.

ఆ నెల 4న మధ్యప్రదేశ్‌లోని సీధీ వీడియో బయటికి వచ్చింది. ఒక ఆదివాసీ మనిషి మీద ఒకడు మూత్రం పోసిన వీడియో. దేశమంతా మండిపడ్డది. రెండు రోజులకు అప్పటి ముఖ్యమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ ఆ బాధితుణ్ని ఇంటికి పిలిపించుకొని కాళ్లు కడిగిండు. ఆ కాళ్లు కడిగిన వీడియో కూడా వైరల్ అయింది. జులై 19న మణిపూర్ వీడియో వచ్చింది. కుకీ-జో ఆడబిడ్డలను నగ్నంగా ఊరేగించింది మే 4న, లోకం చూసింది రెండున్నర నెలల తరవాత. దాని మీద పార్లమెంటు దద్దరిల్లింది. మనమంతా డీపీలు మార్చినం, హన్మకొండలో కొవ్వొత్తులు పట్టుకొని నడిచినోళ్లూ ఉన్నరు. ఆ కోపం న్యాయమైంది. దాన్ని ఎవ్వలూ తక్కువ చెయ్యొద్దు.

కానీ మణిపూర్ వీడియో వచ్చిన మర్నాడే, జులై 20న, అటవీ సంరక్షణ సవరణ బిల్లు మీద పార్లమెంటు సంయుక్త కమిటీ తన నివేదిక పెట్టింది. బిల్లులో ఒక్క మార్పు కూడా చెప్పలే. 26న ఆ గోల నడుమనే లోక్‌సభ దాన్ని పాస్ చేసింది. ఆగస్టు 2న రాజ్యసభ పాస్ చేసింది. డిసెంబర్ 1 నుంచి అమలు. ఆ చట్టం ఏం చేసింది? రికార్డుల్లో అడవి అని రాయని అడవులు చాలా వరకు రక్షణ నుంచి బయటికి పోయే దారి తెరిచింది. దాని మీద కేసు పడి, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పాత నిర్వచనమే నడవాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే దాకా పోయింది. సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపల వ్యూహాత్మక ప్రాజెక్టులకు అటవీ అనుమతి అక్కరలేదన్నది. మన దిక్కు సంగతి కూడా అందులో ఉంది. వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లో 5 హెక్టార్ల దాకా ప్రజోపయోగ ప్రాజెక్టులకు మినహాయింపు. అంటే పన్నెండు ఎకరాలకు పైనే.

ఆ బిల్లు మీద కమిటీ జనం అభిప్రాయాలు అడిగినప్పుడు దేశం మొత్తం మీద వచ్చిన వినతులు సుమారు 1,300. దేశంలో పది కోట్లకు పైగా ఆదివాసులం ఉన్నం.

వీడియో మీద కోపం వచ్చింది, బిల్లు మీద రాలే. ఎందుకంటే బిల్లుకు ముఖం లేదు, ఏడుపు లేదు. హక్కు పోయేటప్పుడు ఎవ్వలూ వీడియో తియ్యరు. అది ఒక పీడీఎఫ్‌లో, ఇంగ్లీషులో, ఏదో ఒక వెబ్‌సైట్ మూలన చప్పుడు చెయ్యకుండా పోతది. జాతర జనం ఆ మూలకు రారు. అక్కడికి జనాన్ని తోలుకపోయే పని మనదే. అదే మనం చేస్తలేం.

మరి మన జనం చెడ్డోళ్లా? బద్ధకస్తులా? కాదు. ఇందులో మూడు సంగతులు ఉన్నయి.

మొదటిది, కంపెనీల లెక్క. ఫేస్‌బుక్కు గానీ ఇన్‌స్టాగ్రామ్‌కు గానీ ఎక్స్‌కు గానీ పైసలు వచ్చేది మనం వాళ్ల యాప్‌లో ఉన్నంత సేపే. మీరు లింకు నొక్కి బయటికి పోయిన్రంటే వాళ్ల దుకాణంలకెళ్లి గిరాకీ పోయినట్టే. అందుకే ఇన్‌స్టా పోస్టు కింద రాతలో లింకు పెడితే అది నొక్కుడు పడదు. 2024 నవంబర్‌లో ఎలాన్ మస్క్ తనే చెప్పిండు, లింకు అసలు పోస్టులో కాదు, కింద రిప్లైలో పెట్టుకోమని. 2021లో ఫేస్‌బుక్ తన మొదటి నివేదికలో అమెరికా లెక్క చెప్పింది: జనం ఫీడులో చూసే నూరు పోస్టుల్లో 87కు లింకే ఉండదు. ఇది మనం గుర్తు పెట్టుకోవాలె. మనం ఎక్కే బస్సు ఆగని స్టేజీకి టికెట్ కొంటున్నం.

రెండోది, మనుషుల గుణం. ఇది ఆదివాసీ గుణం కాదు, లోకమంతా ఇంతే. 2016లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీ, ఫ్రాన్స్ పరిశోధకులు కలిసి ట్విట్టర్ మీద లెక్క తీసిన్రు. జనం పంచుకున్న లింకుల్లో 59 శాతం ఒక్కసారి కూడా ఎవరూ నొక్కలేదు. చదవకుండానే షేర్ చేస్తరు. షేర్ చేసుడు అంటే "నేను ఈ దిక్కు మనిషిని" అని చెప్పుకునుడు. బొట్టు పెట్టుకున్నట్టు, జెండా కట్టినట్టు. అది తప్పు కాదు. జెండాకూ విలువుంటది. కాకపోతే జెండా కట్టినోళ్లను లెక్కపెట్టి ఇంతమంది చదివిన్రు అనుకుంటే మోసపోతం. 2020లో ట్విట్టర్ ఒక చిన్న ప్రయోగం చేసింది. చదవకుండా షేర్ కొట్టబోతే "ముందు చదువుతరా?" అని అడిగేది. ఆ ఒక్క మాట అడిగినందుకు వార్త తెరిచి చూసుడు 40 శాతం పెరిగిందని వాళ్లే చెప్పిన్రు. అంటే జనానికి చదవాలని ఉంటది, ఎవరన్నా మర్యాదగా అడగాలె.

మూడోది, మన దిక్కు కష్టం. ఏటూరునాగారం దాటి కన్నాయిగూడెం, వాజేడు దిక్కు పోతే సిగ్నల్ సంగతి మీకు ఎరుకే. చెట్టు కిందికో గుట్ట మీదికో పోయి నిలబడితే వాట్సాప్ మెసేజ్ వస్తది, 18 పేజీల పీడీఎఫ్ రాదు. వచ్చినా అది స్కాన్ చేసిన బొమ్మ. అక్షరం పెద్దది చేస్తే మసక అయితది. తెలుగులో ఉండదు. ఉన్నా అది వకీలు తెలుగు. ఇగ లింకు అంటేనే భయం ఒకటి. "లింకు నొక్కితే బ్యాంకు పైసలు పోతయంట" అని మన అవ్వలు, తాతలు అంటరు. లోన్ యాప్‌లు, దొంగ పథకాల ఫార్వర్డులు చూసినోళ్లు అట్ల భయపడుడు తెలివైన పనే. తెల్వని లింకు నొక్కొద్దని మనమే చెప్తం, మళ్ల మన లింకు ఎందుకు నొక్కలేదని మనమే అడుగుతం.

ఈ మూడూ తెలిసి కూడా మనం ఏం చేస్తున్నం? రీచ్ వెంట ఉరుకుతున్నం. ఇక్కడ నా అసలు బాధ చెప్త.

పేజీ నడిపేటోళ్లకు ఒక నిషా ఉంటది. పొద్దుగాల లేచి ఎన్ని వ్యూస్ వచ్చినయో చూసుకునుడు. ఏది ఎక్కువ పోతదో రెండు నెలల్లో అర్థమైతది. మన దేవతలను ఎవడో ఒక మాట అన్నడంటే పోతది. 2022 మార్చిలో సమ్మక్క సారలమ్మల మీద చినజీయర్ స్వామి ఎప్పుడో మాట్లాడిన పాత వీడియో బయటికి వచ్చినప్పుడు చూడలే? ఆ వారం రోజులు మన పేజీలకు వచ్చినంత జనం మళ్ల రాలే. దిష్టిబొమ్మలు, ధర్నాలు, ఆయన వివరణ, దానికి మన జవాబు. నేనూ రాసిన, ఇప్పుడైనా అట్లనే రాస్త. మన తల్లులను చిన్నచూపు చూస్తే ఊకుండుడు ఎట్ల?

కానీ అదే మార్చిలో తెలంగాణలో 4 లక్షలకు పైగా పోడు దరఖాస్తులు బీరువాల్లో పడి ఉన్నయి. 2021 నవంబర్, డిసెంబర్‌లలో మన అవ్వలు, అయ్యలు క్యూలో నిలబడి ఇచ్చిన కాగితాలు అవి. వాటి మీద ఆ నెలలో మనం ఎన్ని పోస్టులు పెట్టినం? చివరికి 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి, రాష్ట్రమంతా 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలకు పట్టాలు ఇస్తున్నమని ప్రభుత్వం ప్రకటించింది. పట్టా పట్టుకొని నవ్వే అవ్వల ఫొటోలు మస్తు తిరిగినయి. వచ్చినోళ్లకు వచ్చింది, మంచిదే. మిగిలిన రెండున్నర లక్షల దరఖాస్తుల సంగతేంది? అందులో ఆదివాసులు కానోళ్లవీ ఉన్నయి, నిజమే. అన్నీ చెల్లేవి కాకపోవచ్చు. కానీ ఎందుకు చెల్లలేదో రాతలో చెప్పాలని చట్టం అంటది. ఆ రాత అందుకున్నోళ్లు మీ ఊర్లో ఎవరన్నా ఉన్నరా? పట్టా రానోళ్ల ఫొటో ఎవ్వలూ తియ్యలే. అది పోస్టుకు పనికిరాదు గదా.

రీచ్ వెంట ఉరికితే అయ్యేది ఇదే. ఏ బాధకు కెమెరా దొరికితే అదే మన బాధ అయితది. ఏ బాధ కాగితంలో దాక్కుందో అది మనకు కూడా కనబడకుండా పోతది. ఇంకొకటి కూడా ఉంది. తెగకూ తెగకూ నడుమ కొట్లాట పెట్టే పోస్టుకు వచ్చినన్ని కామెంట్లు దేనికీ రావు. ఆ సంగతి పార్టీలకు ఎరుక, ఫేక్ ఐడీలకు ఎరుక. ఆ నిషాలో పడి మన పేజీ వాళ్ల పని చెయ్యొద్దు.

"అన్నా, కోపం లేకపోతే జనమే రారు. జనం రాకపోతే నువ్వు చెప్పే ఫారం ఎవరు చూస్తరు?" అని నన్ను అడిగినోళ్లు ఉన్నరు. మంచి ప్రశ్న. దానికి జవాబు 2019లోనూ 2020లోనూ ఉంది.

2019లో నల్లమల. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం కోసం 83 చదరపు కిలోమీటర్లలో వెతుకులాటకు ఆ ఏడు మే నెలలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకున్నది. చెంచు పెంటల్లో, మన్ననూరు, అమ్రాబాద్ దిక్కు జనం అప్పటికే కొట్లాడుతున్నరు. సెప్టెంబర్‌లో విజయ్ దేవరకొండ లాంటి సినిమా హీరోలు ట్వీట్ పెట్టిన్రు. "సేవ్ నల్లమల" దేశమంతా తిరిగింది. సెప్టెంబర్ 16న తెలంగాణ అసెంబ్లీ యురేనియం వద్దని తీర్మానం చేసింది. తారల ట్వీట్లు పనికి వచ్చినయా అంటే వచ్చినయి. కానీ అవి దిగింది కింద తయారుగా ఉన్న మంట మీద. ఊర్లల్ల బంద్‌లు, తీర్మానాలు, వచ్చిన అధికారులను ఆపుడు, ఇవన్నీ ముందే ఉన్నయి. తారలు పోయినాక కూడా కాపలా ఉన్నది చెంచులే.

2020లో పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా, అదే ఈఐఏ 2020. లాక్‌డౌన్ కాలంలో, ఇంగ్లీషు, హిందీలలో పెట్టి అభిప్రాయాలు చెప్పుమన్నరు. ప్రజాభిప్రాయ సేకరణ లేకుండానే చాలా ప్రాజెక్టులు నడిచే ఏర్పాటు అందులో ఉంది. ప్రజాభిప్రాయ సేకరణ అంటే మన ఊర్లకు ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. టెంటు వేసి, మైకు పెట్టి, కలెక్టర్ ముందట మన అవ్వ నిలబడి "వద్దు" అని చెప్పే ఒకే ఒక్క జాగ అది. అప్పుడు దేశంలో పిల్లలు ఏం చేసిన్రు? పోస్టు పెట్టి వదిలెయ్యలే. లింకు నొక్కితే మంత్రిత్వ శాఖకు రాసిన ఉత్తరం తయారుగా ఉంటది. పేరు రాసి పంపుడే. ఒక పోస్టు, ఒక లింకు, ఒక పని. దాదాపు 17 లక్షల అభిప్రాయాలు పోయినయి. ముసాయిదాను భాషలన్నిటిలోకి తర్జుమా చెయ్యాలని, గడువు ఆగస్టు 11 దాకా పెంచాలని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఆ ముసాయిదా ఆ రూపంలో తుది నోటిఫికేషన్‌గా రాలే.

ఒక దిక్కు 17 లక్షలు, ఇంకో దిక్కు 1,300. మూడేండ్ల తేడాలో అదే దేశం, అవే ఫోన్లు, అదే జనం. జనం మారలే. మొదటిసారి ఎవరో కూసొని దారి వేసిన్రు. రెండోసారి ఎవ్వలూ వెయ్యలే.

ఆ కథకు ఇంకో ముక్క కూడా ఉంది. ఆ జులైలో ఫ్రైడేస్ ఫర్ ఫ్యూచర్ ఇండియా వెబ్‌సైట్, ఇంకో రెండు సైట్లు మూతపడ్డయి. ఢిల్లీ పోలీసులు ఇచ్చిన నోటీసులో మొదట ఉపా చట్టం పేరు రాసి, తరవాత అది పొరపాటని వెనక్కి తీసుకున్నరు. పిల్లలు ఈమెయిల్ పంపితే ఉపా. అంటే లైకులకు ఎవ్వలూ భయపడరు. జనం లింకు నొక్కి పని మొదలుపెట్టినప్పుడే నోటీసు వస్తది. మన పేజీ, మన సైటు ఏ దినమైనా పోవచ్చు. మన రాతలన్నీ ఒకే కంపెనీ చేతిలో పెట్టి కూసుంటే ఎట్ల? ప్రతి రాత నకలు మన దగ్గర ఉండాలె, కాగితం మీద కూడా ఉండాలె.

ఇగ చెయ్యాల్సిన పని చెప్పుకుందాం. నేను పెద్ద తెలివిగల్లోణ్ని కాదు. చేసి, చెడి, నేర్చుకున్న ముచ్చట్లు ఇవి.

ఒకటి. అసలు సంగతి లింకులో దాచిపెట్టొద్దు. లింకు నొక్కరని తెలుసు గదా, ముఖ్యమైన మాట పోస్టులోనే చెప్పేద్దాం. "దరఖాస్తు రిజెక్ట్ అయితే ఆ సంగతి నీకు స్వయంగా చెప్పాలె, కారణం రాతలో ఉండాలె. నీ మాట వినకుండా నీకు వ్యతిరేకంగా తేల్చొద్దు. నచ్చకపోతే 60 రోజుల్లో పై కమిటీకి పోవచ్చు. ఉపగ్రహం ఫొటోలో కనబడలేదని ఒక్క మాటతో కొట్టేయొద్దు, అది మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే. ఊరి పెద్దల మాట రాసి పెడితే అది కూడా సాక్ష్యమే. పరిశీలన పూర్తయ్యేదాకా నిన్ను భూమి మీదికెళ్లి లేపొద్దు." ఇది 2006 అటవీ హక్కుల చట్టం, దాని నియమాల సారం. ఈ పోస్టు ఇక్కడికే చదివి ఫోన్ మూసినోళ్లకు కూడా ఇది అందింది. లింకు ఫారం కోసం మాత్రమే.

రెండు. ఒక పోస్టుకు ఒకటే పని. ఐదు లింకులు, పది హ్యాష్‌ట్యాగులు పెడితే ఒక్కటీ కాదు. "ఈ ఫారం నింపు", "ఈ తారీఖున గ్రామసభకు రా", "ఈ ఉత్తరం పంపు". గంతే.

మూడు. గొంతుతో చెప్పున్రి. మన అవ్వలకు రాత కంటే గొంతు దగ్గర. రెండు నిమిషాల ఆడియో, కోయలో ఒకటి, తెలుగులో ఒకటి, గోండి వచ్చినోళ్లు ఉంటే అదొకటి. వాట్సాప్‌లో అది గుట్ట మీద కూడా దిగుతది. ఎక్కువసార్లు తిరిగిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిచ్చే నియమం 2020 ఏప్రిల్ నుంచి ఉంది. కాబట్టి ఫార్వర్డును నమ్ముకోవద్దు. గూడేనికి ఒక మనిషి ఉండాలె. ఆ మనిషి చెప్తే లింకు నొక్కనీకి భయపడరు. లింకును నమ్మరు గానీ "మన లచ్చక్క బిడ్డ పంపింది" అంటే నమ్ముతరు.

నాలుగు. వెతికేటోళ్లకు దొరికేటట్టు రాద్దాం. పోస్టు రెండు రోజుల్లో కిందికి పోయి చస్తది. కానీ ఎవరో ఒకరు రాత్రి పది గంటలకు గూగుల్‌లో "పోడు పట్టా రాలేదు ఏం చెయ్యాలె" అని కొడతరు. ఆ మనిషి జాతర జనం కాదు, పని మీద వచ్చిన మనిషి. అక్కడ వాళ్లకు ఏం దొరుకుతది? పట్టాల పంపిణీ వార్తలు, నాయకుల ఫొటోలు. మన రాత దొరకాలంటే అది బొమ్మలో కాకుండా మామూలు తెలుగు అక్షరాల్లో ఉండాలె, జనం అడిగే మాటల్లోనే ఉండాలె. పోస్టర్ డిజైన్ చేసుకుంట కూసునే టైంలో సగం దీనికి పెట్టున్రి. వ్యూస్ రావు, కానీ ఐదేండ్ల తరవాత కూడా ఎవరికో పనికొస్తది.

ఐదు. చూసేటోళ్లలో మన జనమే కాదు, వేరేటోళ్లూ ఉంటరని మరవద్దు. పోడు చేస్తున్న మనిషి ముఖం, ఊరి పేరు, చెట్టు నరికిన జాగ ఫొటో పెట్టి లైకులు తెచ్చుకుంటే, రేపు అదే ఫొటో కేసులో సాక్ష్యం కావొచ్చు. ముఖ్యంగా గొత్తికోయల విషయంలో. రాష్ట్రం దాటి వచ్చి, కాగితం లేక, ఏ ఊరికీ చెందనట్టు బతుకుతున్నోళ్ల గుడిసె ఫొటో మనకు పోస్టు, వాళ్లకు గండం. అడగకుండా పెట్టొద్దు. అడిగినా ముఖం కనబడకుండా పెట్టాలె.

ఆరు. లెక్క మార్చుకుందాం. నెలకొకసారి అడ్మిన్లు కూసొని వ్యూస్ చూసుడు బంద్ చేద్దాం. ఎందరు ఫారం దింపుకున్నరు? ఎందరు ఫోన్ చేసి అడిగిన్రు? ఏ ఊర్లో గ్రామసభ కోరం నిండింది? సగం మంది రావాలె, వచ్చినోళ్లలో మూడో వంతు ఆడోళ్లు ఉండాలె గదా. ఎన్ని అప్పీళ్లు గడువులోపల పడ్డయి? ఈ అంకెలు చిన్నగనే ఉంటయి. సిగ్గు పడొద్దు. అంగడి లెక్క చిన్నగనే ఉంటది.

చిన్న లెక్క అంటే గుర్తొచ్చింది. ఒడిశాలో నియమగిరి కథ మనకందరికీ తెలుసు. అవతార్ సినిమా పోలికతో డోంగ్రియా కోందులు లోకమంతా తెలిసిన్రు. లండన్ దాకా చప్పుడు పోయింది. ఆ చప్పుడు అవసరమే. కానీ వేదాంత కంపెనీ బాక్సైట్ గనిని ఆపింది ఏది? 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమన్నది. ఆ జులై, ఆగస్టుల్లో 12 గ్రామసభలు కూసున్నయి. 12కు 12 వద్దన్నయి. పన్నెండు! మన పేజీలో ఒక రీలుకు పన్నెండు కామెంట్లు వస్తే ఫెయిల్ అనుకుంటం.

మన దగ్గర 2025లో ఆసిఫాబాద్ జిల్లాలో కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వ్ కోసం వచ్చిన జీవో 49 సంగతి కూడా చూడున్రి. ఆదివాసీ సంఘాలు ఊర్లు తిరిగి, బంద్‌కు పిలిచినాక ఆ జులైలో సర్కారు దాన్ని నిలుపుదల చేసింది. నిలుపుదలే, రద్దు కాదు. అది గుర్తు పెట్టుకోవాలె. అదే ఏడు ఏప్రిల్‌లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల కోసం దేశమంతా పోస్టులు పెట్టింది, సుప్రీంకోర్టు తనంతట తాను కలగజేసుకున్నది. ఆ విద్యార్థులకు జోహార్లు. వాళ్ల మీద మనకు కుళ్లు లేదు. కానీ ఐటీ కంపెనీల పక్కన ఉన్న అడవికి దొరికినన్ని కెమెరాలు మన అడవికి దొరకవు. దొరుకుతయని ఎదురుచూస్తే ఎదురుచూసుడే మిగులుతది. కెమెరా రాని జాగల కొట్లాడుడు మన తాతల నుంచి మనకు అలవాటే. కుమ్రం భీంకు ఫాలోవర్లు ఎందరుండె? జోడేఘాట్ చుట్టూ పన్నెండు ఊర్లు.

జాతర వద్దని నేను అంటలేను. మళ్ల జాతర వస్తది, రీలు పెడదాం, డప్పు కొడదాం. అవమానం జరిగితే అరుద్దాం. కాకపోతే ఆ జనం వచ్చిన దినమే, వాళ్లు పోకముందే, అంగడి దారి చూపిద్దాం. డప్పు రీలు కిందనే ఫారం నింపే ముచ్చట పెడదాం. లక్షల మందిలో నూరు మంది ఆగినా చాలు. ఆ నూరు మంది మళ్ల వచ్చే వారం కూడా వచ్చేటట్టు చూసుకుందాం.

ఇది చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ఒక్క పని చెయ్యున్రి. లైక్ కొట్టకున్నా మంచిదే. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసి అమ్మనో బాపునో అడుగున్రి: "మన పోడు దరఖాస్తు ఏమైంది? ఏమన్న కాగితం వచ్చిందా? వస్తే దాని మీద తారీఖు ఎంత?" ఆ తారీఖు రాసుకోండి. అక్కడి నుంచి 60 రోజులు లెక్కపెట్టండి. ఏ కాగితం రాకపోతే, ఎందుకు రాలేదని రాతలో అడగాల్సిన పని మీదే.

ఆ తారీఖు తెలిసినోళ్లు ఇక్కడ కామెంట్‌లో పెట్టొద్దు. మీ మండలం మనిషికి చెప్పున్రి, లేదంటే పేజీకి మెసేజ్ పెట్టున్రి. కూసొని అప్పీలు రాద్దాం.

జై ఆదివాసీ. జల్, జంగల్, జమీన్.